పాత కెర్నల్ మీద ఒట్టు

"ఒట్టు వదినా, నేనేమీ ముట్టుకోలేదు," అన్నాడు మరిది.

వాళ్ల రక్తపరీక్షల ల్యాబ్‌లో ఫలితాలు తీసే పాత సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదింటికి అది మొరాయించింది. పదింటికి ఆపరేషన్ ఉన్న రోగి ఫలితం అందులోనే ఇరుక్కుంది.

మరిది మాట నమ్మి, వదిన ఆ వర్చువల్ కంప్యూటర్‌ని నడిపే మాడ్యూళ్లనే చిన్న ప్రోగ్రాములను, సిస్టమ్‌కి గుండెకాయలాంటి పాత కెర్నల్‌కి సరిపోయేలా రెండుసార్లు మళ్లీ కంపైల్ చేసింది. రెండుసార్లూ కెర్నల్ వాటిని గుమ్మంలోనే తిప్పి పంపింది. ముప్పావుగంట మట్టికొట్టుకుపోయింది.

ఇక మనిషిని వదిలేసి మిషన్‌నే అడిగింది. నడుస్తున్నది కొత్త కెర్నల్. నిన్న సాయంత్రం అప్‌డేట్ చేసినవాడి లాగిన్ పేరు కూడా అక్కడే ఉంది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదెవరు, నీ ఆత్మా?"

"అప్‌డేటే కదా వదినా... మంచిదేగా అని."

"ఆ మాట తొమ్మిదింటికే చెప్పి ఏడిస్తే ఐదు నిమిషాల పని! అక్కడ మనిషి కడుపు పట్టుకుని పడున్నాడు!"

కొత్త కెర్నల్‌కి కంపైల్ చేయగానే మాడ్యూళ్లు ఎక్కాయి, వర్చువల్ కంప్యూటర్ లేచింది. పదికి ఆరు నిమిషాల ముందు ఫలితం ఆసుపత్రికి చేరింది. మరిది హమ్మయ్య అని నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. అతని లాగిన్ తీసిపారేసింది.

"ఇక దీని మీద దుమ్ము తుడవాలన్నా నన్నడిగి తుడువు," అంది.