క్యాంపు దాటిన కౌన్సిలరు

ఆ వార్డును ఆడవాళ్ళకు కేటాయించారని తెలిసిన రోజు టైలరమ్మ మరిది అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఏళ్ళ తరబడి జెండాలు మోసింది అతను. పెళ్ళిళ్ళకీ చావులకీ పార్టీ తరఫున హాజరైంది అతను. తీరా నోటికందే వేళకు కూడు నేలపాలైంది. సాయంత్రానికి తేరుకుని వదిన షాపుకు వచ్చాడు.

"నువ్వు నిలబడు వదినా. పేరు నీది, పని నాది. మిషను మీద నుంచి లేవక్కర్లేదు నువ్వు."

అప్పుడు ఆమె నోట్లో గుండుసూదులున్నాయి. కాదనడానికి వాటిని ఒక్కొక్కటే బయటికి తీసేలోపు, మౌనం అర్ధాంగీకారమనుకుని అతను వెళ్ళిపోయాడు.

అలా ఆమె కౌన్సిలరైంది. సమావేశాల్లో వెనక వరుసలో కూర్చునేది. పక్కవాళ్ళు చెయ్యెత్తితే తానూ ఎత్తేది. వార్డు పనులు మరిది చూసుకునేవాడు. చూసుకోవడమంటే, ఎవరు ఫోన్ చేసినా "చూద్దాం" అనడం. జనం మాత్రం బట్టలు కుట్టించుకోవడానికి ఆమె దగ్గరకే వచ్చేవారు. కొలతలిస్తూ, చేతులు రెండు పక్కలకీ చాచి నిలబడి, పూడిపోయిన మురుగుకాలువ గురించి చెప్పేవారు. ఆమె మరిదికి చెప్పేది. మరిది చూద్దామనేవాడు.

వానాకాలంలో తమ పార్టీ చైర్మన్ మీద ఎదుటి పక్షం అవిశ్వాసం పెట్టింది. బలాబలాలు ఇంచుమించు సమానం. ఎవరిని ఎవరు ఎత్తుకుపోతారోనని పార్టీ పెద్దాయన తన కౌన్సిలర్లందరినీ బస్సెక్కించి సముద్రం ఒడ్డున ఒక గెస్ట్‌హౌసులో క్యాంపుకు తరలించాడు. ఫోన్లన్నీ ఒక దిండు గలీబులో వేయించి తన గదిలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర కాపలా పెట్టాడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇంత కాపలా కాయరు" అన్నాడొక కౌన్సిలరు. "పెళ్ళికూతురికి ఓటుందా ఏంటి?" అన్నాడు ఇంకొకడు.

గదుల గోడలు చెమ్మతో ఉబ్బి ఉన్నాయి. కొత్త పరుపులకు ప్లాస్టిక్ కవర్లు తీయనేలేదు, పక్కకు తిరిగితే చాలు కరకరలాడేవి. మగవాళ్ళు పేకాటలో పడ్డారు. వదినకు తోడుగా వచ్చిన మరిది కూడా వాళ్ళలో కలిసిపోయాడు. ఏమీ తోచక టైలరమ్మ సంచీలోంచి సూదీదారం తీసి, తన గదిలో ఊడిపోయిన కర్టెన్ అంచు కుట్టింది. ఆ తర్వాత పక్క గది కర్టెన్ కుట్టింది. వాన కురుస్తూనే ఉంది.

ఓటింగు ముందురోజు పొద్దున వేడినీళ్ళ కోసం వంటగదికి వెళ్ళింది. అక్కడ వంటవాళ్ళ టీవీలో ఏదో వీధి కనిపిస్తోంది. కిటికీల దాకా నీళ్ళు. ఒకావిడ బిందె నెత్తిన పెట్టుకుని, పిల్లవాడిని వీపున వేసుకుని నడుస్తోంది. ఏ ఊరో పాపం అనుకుంది. అంతలో తెర మీదకు రంగు వెలిసిన తన షాపు బోర్డు వచ్చింది.

పెద్దాయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఒకప్పుడు ఈయన ఏ పదవీ లేని లారీ ఆఫీసు గుమాస్తా. వెనకటి పెద్ద వరదలో నడుముకు తాడు కట్టుకుని నీళ్ళలో దిగి మనుషుల్ని ఒడ్డుకు చేర్చాడని ఊరంతా చెప్పుకుంటారు. ఆ పేరు మీదే నాయకుడయ్యాడు.

"నేను ఊరికి వెళ్ళాలండీ" అంది ఆమె.

"రేపు ఓటు కదమ్మా. అది కాగానే అందరం వెళ్దాం."

"నీళ్ళు రేపటిదాకా ఆగవు కదండీ."

"అక్కడ మీ మరిది ఉన్నాడుగా?"

"మరిది ఇక్కడే ఉన్నాడండీ. ఆ గదిలో పేకాడుతున్నాడు."

పెద్దాయన పేపరు దించాడు. "చూడమ్మా, నీ ఒక్క ఓటు తగ్గితే చైర్మన్ పడిపోతాడు. వాళ్ళొస్తే ఇక మీ కాలువ సంగతి దేవుడెరుగు."

"ఇన్నాళ్ళూ కూడా దేవుడే ఎరుగునండీ."

ఆమె కొంగు సర్దుకుంది.

"ఆ వరదలో మా అమ్మని మీరే దాటించారట. చంకలో నేనున్నానట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది."

"అప్పుడు నాకు పోయేదేముందమ్మా? పదవా, పార్టీయా? దిగాను."

"నాకు మాత్రం ఏముందండీ? మిషనొకటి ఉంది. అదిప్పుడు నీళ్ళలోనే ఉంది."

పెద్దాయన పేపరు మళ్ళీ ముఖానికి అడ్డంగా ఎత్తుకున్నాడు. ఆమె కాసేపు నిలబడి, గేటు వైపు నడిచింది. కాపలావాడు వరండా వైపు చూశాడు. పేపరు కదల్లేదు. వాడు గేటు తీశాడు.

మరిది బనీనుతో, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పేకముక్కలతో పరుగెత్తుకొచ్చాడు.

"వదినా! నా పరువు గంగలో కలిపేస్తున్నావు!"

"ఆ గొడుగు ఇటివ్వు మరిదీ."

ఇచ్చేసి వానలో తడుస్తూ నిలబడ్డాడు.

పాలవ్యానులో సగం దూరం, నడిచి సగం దూరం వెళ్ళింది. కౌన్సిలరుకు ఏ అధికారాలుంటాయో ఆమెకు తెలియదు. మెరక మీదున్న బడి తెరిపిద్దామని వెళితే, కౌన్సిలరు గారు చెప్పందే తాళం ఇవ్వనన్నాడు వాచ్‌మన్.

"కౌన్సిలర్ని నేనే కదయ్యా."

"మీరు కాదమ్మా. సారు."

"సారు పేకాడుతున్నాడు. తియ్యి."

తీశాడు. జనం చేరారు. కొత్తగా కడుతున్న భవనం దగ్గర నీళ్ళు తోడే పంపులున్నాయని బడి దగ్గర కలిసిన భర్త చెబితే వెళ్ళి అడిగింది. మేస్త్రీ యజమానిని అడగాలన్నాడు. "అడుగు, నేనిక్కడే ఉంటా" అని వానలో నిలబడింది. చివరికి మేస్త్రీకే మొహమాటమేసి పంపులు పంపాడు. మర్నాడు కౌన్సిల్ హాల్లో చేతులు లేస్తున్న వేళకు ఆమె మోకాటిలోతు నీళ్ళలో, ఊడిపోతున్న పంపు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

చైర్మన్ ఒక్క ఓటు తేడాతో పడిపోయాడు.

అమ్ముడుపోయిందని పార్టీ ఆమెను బయటికి పంపింది. ఊరు సగం నమ్మింది. ఆమె తెరిపించిన బడిలో తలదాచుకున్నవాళ్ళు కూడా "ఊరికే వస్తుందా ఏంటి, ఎంతో కొంత ముట్టే ఉంటుంది" అనుకున్నారు. ఒకరోజు భర్తే గొంతు తగ్గించి, "నిజంగా ఏమన్నా ఇచ్చారా?" అన్నాడు. ఆమె అతని వైపు చూసింది. "అబ్బే, అడిగానంతే" అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా కొన్నాళ్ళు అతను ఇంట్లో చాలా మర్యాదగా మసలాడు.

కొత్త చైర్మన్ ఫొటోగ్రాఫరును వెంటబెట్టి పూలగుత్తి పంపాడు. "నేను క్యాంపు దాటింది ఆయన కోసం కాదని చెప్పండి" అని తిప్పి పంపింది. కొత్త పాలనలోనూ కాలువ ఎప్పటిలాగే నిండుగా ఉంది.

చలికాలంలో పెద్దాయన షాపుకొచ్చాడు. మనిషి చిక్కాడు. ప్యాంట్లు నడుం దగ్గర బిగించాలట.

"పార్టీ పని మానేశానమ్మా. అంటే, వాళ్ళు పిలవడం మానేశారు."

ఆమె టేపు చుట్టి కొలత చూసింది. "మళ్ళీ మునుపటిలా మంచి నాయకులొస్తారంటారా అండీ?"

ఆయన నవ్వాడు. "మునుపు కూడా నువ్వనుకున్నంత గొప్పగా ఏం లేదమ్మా. ఆ వరదలో దిగినవాళ్ళం నలుగురం. ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు బోలెడుమంది. తర్వాత మంత్రులయ్యింది వాళ్ళే."

"మరి మీరు?"

"వాళ్ళ దగ్గర కాపలాకి కుదిరాను."

ఆమె సుద్దతో గీత గీసింది. మిషను మీద ఒక్కో ప్యాంటూ బిగించి మడతపెట్టింది. లేవబోతూ ఆయన అడిగాడు. "మళ్ళీ నిలబడతావా?"

"ఈసారి ఎవరూ అడగలేదండీ."

"నేను అడుగుతున్నాగా."

ఎన్నికలొచ్చినప్పుడు ఆమె ఏ పార్టీ లేకుండా నిలబడింది. పెద్దాయన నొప్పి మోకాళ్ళతో ఆమె వెనక ఇల్లిల్లూ తిరిగాడు, ఉపన్యాసం ఒక్కటీ ఇవ్వలేదు. మరిది అవతలి పార్టీ జెండా పట్టుకున్నాడు కానీ ఓటు వదినకే వేశానని ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. బొటాబొటిగా గెలిచింది.

మొదటి సమావేశంలో లేచి, కాలువ పూడిక ఎప్పుడు తీస్తారని అడిగింది. చైర్మన్ కాగితాల్లోంచి తలెత్తకుండా, "చూద్దామమ్మా, కూర్చోండి" అన్నాడు.

"తారీకు చెప్పండి, కూర్చుంటాను."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చైర్మన్ తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. ఆమె నిలబడే ఉంది. కాసేపటికి ముందు వరుసలో, చైర్మన్ పక్షానికే చెందిన ఒక కౌన్సిలరు ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. ఆ కాలువ అతని వార్డులోంచి కూడా పోతుంది. అతను చైర్మన్ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, తానూ లేచి నిలబడ్డాడు.