పాప నిద్రపోయిన సినిమాలు

మా పాపకు చెవులు వినపడవేమో అన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. ఆ భయంతోనే తొంభై ఏడో సంవత్సరంలో పదకొండు ఫైటింగు సినిమాలు చూశాను. ఆ భయంతోనే వాటిమీద సమీక్షలు రాశాను. చదివినవాళ్లు కడుపుబ్బ నవ్వారు.

నా పేరు స్వర్ణ. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టు వెనక సందులో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన శ్రీను నారాయణగూడలో ఒక ప్రెస్సులో మిషన్ నడుపుతాడు. పెళ్లి పత్రికలు, సినిమా వాల్‌పోస్టర్లు, వాటితోపాటు ‘నాలుగు వీధులు’ అని ఎనిమిది పేజీల వారపత్రిక అక్కడ అచ్చవుతాయి. శనివారం పొద్దున ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఆ పత్రిక పంచుతారు. ప్రెస్సూ, పత్రికా రెండూ జగన్నాథరావుగారివే. ఆయన గుంటూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నారు. మాట మాత్రం ఇంకా గుంటూరులోనే ఉంది.

పాప పేరు తేజస్వి. తొమ్మిదో నెల వచ్చినా పిలిస్తే తిరిగేది కాదు. ఎదురుగా వెళ్తే నవ్వేది, వెనక నుంచి పిలిస్తే తన ఆట తనదే. మా అత్తమ్మ మాసమ్మకు నా పరేషాన్ అంతా తమాషాగా ఉండేది.

“నీ మొగడు మూడేండ్ల దాక నోరు తెరువలే. ఇప్పుడు చూడు, నోరు మూస్తడా?” అనేది.

“మాటల సంగతి కాదత్తమ్మా. వినపడుతున్నదా లేదా అని.”

“ఇగో చూడు” అని అత్తమ్మ స్టీలు పళ్లెం ఒకటి తీసి పాప వెనక నేలమీద పడేసింది. పాప గిరుక్కున తిరిగింది. “చూసినవా? నీకే చెవులు లెవ్వు.”

నేను పాపను మంచం మీద కూర్చోబెట్టి అదే పళ్లెం మళ్లీ పడేశాను. పాప తిరగలేదు. అత్తమ్మ, “ఎన్నిసార్లని చూస్తది? అది పళ్లెమే అని తెలిసిపాయె” అన్నది. మా సందు చివర ఉన్న డాక్టరు కూడా ఏడాది నిండనివ్వమ్మా, తొందరేముంది అన్నాడు. ఇద్దరూ పెద్దవాళ్లే. నాదే తొందర.

హాళ్లవాళ్లు పత్రికకు ప్రతి వారం రెండు పాసులు పంపేవారు. సినిమాలు చూసి రాసే ఆయన బ్యాంకు ఉద్యోగం దొరికి వెళ్లిపోయాక ఆ పాసులు డ్రాయర్లో ఊరికే పడి ఉండేవి. ఒకసారి శ్రీను అవి ఇంటికి తెచ్చి, “చౌరస్తా కాడ హాల్ల కొత్త సౌండు పెట్టిండ్రంట. బాంబు పేలితే కుర్చీలు లేస్తున్నయంట” అన్నాడు. మామూలుగా అన్నాడు. నాకు మాత్రం దారి దొరికినట్టయింది. చీకట్లో నీడ కనపడదు, ఒళ్లో ఉంటే నేల అదిరినా తెలియదు. ఇక మిగిలేది చప్పుడే. దానికి కూడా లేవకపోతే నా అనుమానం నిజమన్నమాట.

మ్యాట్నీకి వెళ్లాను. రైలు మీద ఫైటింగు సినిమా. అందరూ తెర చూస్తుంటే నేను చప్పుడు వచ్చినప్పుడల్లా పాప రెప్పలు చూస్తూ కూర్చున్నాను. మొదటి బాంబుకు నా గుండె జారిపోయింది. పాప వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతూనే ఉంది.

మర్నాడు శ్రీనుకు టిఫిన్‌బాక్సు ఇవ్వడానికి ప్రెస్సుకు వెళ్తే జగన్నాథరావుగారు అడిగారు. “ఏమ్మాయ్, పాసులు నువ్వే తీసుకెళ్లావటగా. ఎలా ఉందేంటి సినిమా?”

నిజమే చెప్పాను. “పాప నిద్రపోయింది సార్.”

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు. “ఇంత గోల చేసిన సినిమాకి ఒక్క ముక్కలో సమాధి కట్టేశావు కదమ్మా. అదే రాసిపెట్టు. పండితులు రాసింది మనవాళ్లకి ఎక్కట్లేదు. టిక్కెట్టు కొనుక్కుని నీలా పిల్లల్తో వెళ్లేవాళ్ల కోసం రాయి.”

“నాకు రాయరాదు సార్. తొమ్మిదో తరగతే.”

“నాకు ఎమ్మే ఉంది. ఏం పీకాను?”

ఇంటికి వచ్చి పాత నోటుబుక్కులో ఇలా రాశాను: “హీరో ఒక్కడు, రౌడీలు నలభైమంది. రౌడీలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, లైనులో నిలబడ్డట్టు. మార్కెట్టులో టమాటాల బండి తిరగబడింది. ఆ టమాటాలు ఎవరు ఏరారో చూపించలేదు. ఇంటర్వెల్ ముందు రక్తం ఉంది, ఆడవాళ్లు కళ్లు మూసుకోవచ్చు. రైలు పేలింది, వంతెన పేలింది, ఆఖరున హెలికాప్టరు కూడా పేలింది. పాప నిద్రపోయింది.”

అది అలాగే అచ్చయింది. పేరు పెట్టలేదు, ‘ఒక తల్లి’ అని వేశారు.

తర్వాత వారం కొండ లోపల నిధి కోసం వెళ్లే సినిమా. పాములు, కత్తులు, కూలిపోయే గుహలు. పాప నిద్రపోయింది. ఆ పై వారం విమానం రెక్క పట్టుకుని వేలాడే సినిమా. “ఇంటికొచ్చాక మేడ తలుపుకు గొళ్లెం పెట్టుకోండి, మగపిల్లలున్నవాళ్లు మరీ జాగ్రత్త” అని రాసి, పాప నిద్రపోయిన సంగతి చివరన పెట్టాను. నెల తిరిగేసరికి నల్లా దగ్గర ఆడవాళ్లు సినిమా పేరు కూడా అడగడం మానేశారు. “లేచిందంటనా?” అంతే.

“లేవలేదంట.”

“అయితే ఈ వారం బియ్యం ఏరుకుందం.”

వాళ్ల మధ్యలో బిందె పట్టుకుని నేనూ నవ్వేదాన్ని. ఒక తల్లి అంటే నేనే అని వాళ్లకు తెలియదు. ప్రతి వారం నేను అచ్చు వేయిస్తున్నది ఒకటే మాట, నా బిడ్డకు వినపడటం లేదు అని. ప్రతి వారం దాన్ని వెయ్యి ఇళ్లవాళ్లు చదివారు. భలే రాసింది అన్నారు. ఒక హాలు మేనేజరు ప్రెస్సుకు వచ్చి, పది లక్షల సౌండు సిస్టం పెడితే చంటిపిల్ల నిద్రతో గాలి తీసేస్తారా అని గొడవ చేశాడు. జగన్నాథరావుగారు ఆయనకు చాయ్ ఇప్పించి, “అయితే ఆ పిల్లని లేపే సినిమా వెయ్యవయ్యా” అన్నారు.

ఎనిమిదో సినిమా మొసలిది. ఇంగ్లీషు సినిమాకు తెలుగు మాటలు పెట్టారు. అమెరికా పోలీసు “ఒరేయ్ సన్నాసీ” అంటుంటాడు. ఏనుగంత మొసలి సగం సినిమా నీళ్ల కిందే ఉంటుంది. అది ఒక్కసారిగా పైకి లేచిన చోట హాలంతా కేక పెట్టింది. నా వెనక కూర్చున్నాయన ఎగిరిపడి మోకాళ్లతో నా కుర్చీని గుద్దాడు. నా తల ముందుకు ఊగింది. అదే క్షణంలో పాప ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టి ఏడ్చింది.

నేనూ ఏడ్చాను. పక్కసీటు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “ఊకో అక్కా, అది ఉత్త రబ్బరు బొమ్మనే” అన్నది.

ఆ వారం సమీక్ష రెండే వాక్యాలు. “పాప లేచింది. అందరూ చూడండి.”

శుక్రవారం తీసేయాల్సిన సినిమా తీయకుండా ఆడించారు. కవాడిగూడ నుంచి, అడిక్‌మెట్ నుంచి చంటిపిల్లలతో సహా వచ్చి చూశారట. హాలువాళ్లు పెద్ద అక్షరాలతో కొత్త పోస్టరు వేయించారు: “పాప లేచిన సినిమా”. అది అచ్చేసింది మా ఆయనే. చేతులకు ఎర్ర రంగుతో ఇంటికి వచ్చి, “నీ బిడ్డ పేరు మీద ఐదు వందల పోస్టర్లు కొట్టిన” అని మురిసిపోయాడు. అత్తమ్మ పాపకు దిష్టి తీసింది.

నాకు ఒక్కసారి చాలలేదు. ఆ తర్వాత చూసిన మూడు సినిమాలకూ పాప లేవలేదు. మొసలి సినిమానే మళ్లీ చూడాలనిపించింది. ఐదో వారం మంగళవారం మ్యాట్నీకి వెళ్లాను. జనం పలచగా ఉన్నారు. నా వెనక వరస మొత్తం ఖాళీ. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని మొసలి కోసం ఎదురు చూశాను. ఆ హాల్లో దాని కోసం నా అంత ఆశగా ఎదురు చూసినవాళ్లు ఎవరూ ఉండరు.

మొసలి లేచింది. హాలు కేక పెట్టింది. కుర్చీ కదల్లేదు. పాప కూడా కదల్లేదు.

మిగతా సినిమా చూడలేదు. బయటికి వచ్చేసరికి గేటు పక్క గోడమీద ఆ పోస్టరు, కింద కొత్తగా అంటించిన చీటీ: ఐదో వారం. దాని ముందు నిలబడి పాపను భుజం మీద వేసుకుని, చెవి దగ్గర గట్టిగా పిలిచాను. దారినపోయేవాళ్లు చూశారు, పాప నా మంగళసూత్రంతో ఆడుకుంటూ ఉంది.

ఇంటికి వెళ్లి శ్రీనుకు కుర్చీ సంగతి చెప్పాను. చేతికి అంటిన రంగు గోకుతూ కూర్చున్నాడు.

“మరి ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?”

“వారం వారం చెప్తనే ఉన్న. నువ్వే కదా అచ్చేసింది.”

“నేను నవ్విన స్వర్ణా” అన్నాడు. “రేపు సెలవు పెడ్త, పెద్ద దవాఖానకు పోదం” అన్నాడు.

చెవుల డాక్టరమ్మ పాప తలకు తీగలు అతికించి పరీక్ష చేయాలన్నది. పాప నిద్రపోయి ఉండాలట. పదకొండు సినిమాల్లో నిద్రపోయిన పిల్ల ఆ రోజు మూడు గంటలు కళ్లార్పలేదు. చివరికి మందు వేసి పడుకోబెట్టారు.

“రెండు చెవులూ చాలా తక్కువమ్మా. కొంచెం మాత్రం ఉంది” అన్నది డాక్టరమ్మ. “చెవులకు మిషన్లు పెడదాం, మాటలు నేర్పిద్దాం. ఏడాది లోపే తెచ్చావు, మంచిపని చేశావు. మాట్లాడే వయసు దాటాక తెచ్చేవాళ్లే ఎక్కువ. ఎలా కనిపెట్టావు?”

“ఫైటింగు సినిమాలు చూసి మేడమ్.”

ఆవిడ నవ్వలేదు. నా సమీక్షల సంగతి విని నవ్వని మొదటి మనిషి ఆవిడే. “ఇంకెప్పుడూ ఆ హాళ్లకు తీసుకుపోకు, ఉన్న కాస్త కూడా పోతుంది” అని తిట్టింది. ఆ తిట్టు కూడా నాకు చల్లగానే ఉంది.

అత్తమ్మకు చెప్తే, “డాక్టర్లకేం తెలుస్తది” అన్నది. ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉండగా పళ్లెం పడ్డ చప్పుడు వినపడింది. కాసేపటికి మళ్లీ. తొంగి చూశాను. పాప మంచం మీద ఉంది, అత్తమ్మ కింద పడ్డ పళ్లెం తీస్తోంది. మూడోసారి పడేయలేదు. మంచానికి ఎదురుగా, పాప ముఖానికి తన ముఖం ఆనేలా వంగి, నోరు పెద్దగా తెరిచి, “నా–న–మ్మ” అన్నది. పాప ఆమె పెదాలు పట్టుకుంది.

నేను జగన్నాథరావుగారి దగ్గరికి వెళ్లి ఇక రాయనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు, ఈసారి తుడుచుకోలేదు.

“పగలబడి నవ్వాను కదమ్మాయ్.”

“నేనూ నవ్వుతనే ఉన్న కద సార్.”

ఆయన లోపలికి వెళ్లి ఉత్తరాల కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. “ఇవన్నీ నీకొచ్చినవే. నీ పేరు ఎవరికీ చెప్పొద్దన్నావని ఇక్కడే ఉంచాను.”

అన్నీ మెచ్చుకోళ్లే. మంచి సినిమా ఏదో పాప లేచిందా లేదా చూసి పోల్చుకుంటున్నామని ఒకరు, మీ పాపకు సెన్సారు బోర్డులో సీటివ్వాలని ఇంకొకరు. అడుగున ఒక పోస్టుకార్డు. అది నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఒక తల్లి గారికి నమస్కారం. మాది కవాడిగూడ. మా మనవనికి పద్నాలుగు నెలలు. మీరు రాసింది మా కోడలు చదివి వినిపిస్తే ఇంటిల్లిపాది నవ్వినం. మా వాడు గూడ అచ్చం మీ పాప లెక్కనే. రైలు సినిమాకు లేవలే, మొసలి సినిమాకు గూడ లేవలే. దీపావళికి పక్కల లక్ష్మీబాంబు పేలితే గూడ లేవలే. వానికి ఏ సినిమా నచ్చుతదో చూడాలె. మీరు నిజం రాస్తరు, అందుకే మీ మాట మీద మాకు గురి. ఇట్లు యశోదమ్మ.”

ఇంటి నంబరు లేదు, గల్లీ పేరు లేదు. కార్డు వచ్చి అప్పటికే మూడు వారాలు. శ్రీనూ నేనూ మూడు ఆదివారాలు కవాడిగూడలో తిరిగాం. యశోదమ్మలు ఇద్దరు దొరికారు. ఒకామెకు పెళ్లికాలేదు, ఇంకొకామె మనవళ్లు కాలేజీకి పోతున్నారు. పత్రికలో ప్రకటన వేశాం. అది కూడా కొత్త తమాషా అనుకున్నారు. ఇంకో పది మంది నవ్వుతూ ఉత్తరాలు రాశారు.

నేను నిజం రాస్తానని ఆమె నమ్మింది. నేను రాసింది నిజమే, ఆమెకు చేరింది మాత్రం జోకు.

అందుకని ఈసారి సినిమా గురించి కాదు, తమాషాకూ కాదు. మీరు కవాడిగూడలో ఉంటే, లేదా మీ చుట్టాలెవరైనా అక్కడ ఉంటే, యశోదమ్మ అనే నానమ్మ, చదువుకున్న కోడలు, ఇప్పుడు ఏడాదిన్నర దాటి ఉండే మగపిల్లవాడు ఉన్న ఇల్లు వెతకండి. వాడిని మంచం మీద కూర్చోబెట్టండి, నేల మీద వద్దు. మీ నీడ వాడిమీద పడకుండా వెనక్కి వెళ్లి నిలబడండి. ఆ పిల్లవాడిని పేరుపెట్టి ఒకసారి పిలిచి చూడండి.