మంగళవారం తడిసిన గిన్నె

నేను ఒక కంచు గిన్నెను. గడ్డం గీసుకునే సబ్బు నురగ కట్టడానికి తప్ప మరి దేనికీ పనికిరానని ఈ ఇంట్లో తీర్మానించి యాభై ఏళ్ళు దాటింది. అలాంటి నా కోసం ఈ ఉదయం నలుగురు మనుషులు పెరట్లో చేరి అరగంటగా వాదించుకుంటున్నారు. నేను కుళాయి పక్కన గూట్లో కూర్చుని వింటున్నాను.

"ఇవాళ ఏ వారం?" అని గౌరీశ్వరరావు అడిగాడు. అడగడం ఇది నాలుగోసారి.

"మంగళవారం అని చెప్పేను కదండీ," అంది ఆయన భార్య సూర్యకుమారి.

"మంగళవారం నేను గడ్డం గీస్తానా?"

"గియ్యరు."

"మరి ఈ గిన్నె ఎందుకు తడిగా ఉన్నాది? అడుగున నురగెలాగొచ్చింది?"

"కుళాయి చుక్కలు పడుంటాయి లెండి."

"కుళాయిలోంచి నురగ కూడా వస్తందేటి? నీళ్ళలో సబ్బు కలిపి ఒదులుతున్నారా మనకోసం?"

అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఆయన తల్లి అప్పయ్యమ్మ తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది. "ఇంట్లో మగాళ్ళు ఇద్దరే కదరా. నువ్వు కాకపోతే ఆ గుంటడే. వాణ్ణడుగు."

ఆ గుంటడు గౌరీశ్వరరావు కొడుకు దిలీపు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. గడ్డం మొలవాలని మూడు నెలలుగా ఏదో నూనె తెచ్చి చెంపలకు పట్టిస్తున్నాడు. తలగడ గలేబులన్నీ జిడ్డయ్యాయి గాని చెంపలు మాత్రం వంకాయల్లా నున్నగానే ఉన్నాయి.

"నాన్నా, ఒక్కసారి నా మొహం చూడండి," అన్నాడు వాడు, చెంప చూపిస్తూ. "ఉంటే కదా గీసుకోడానికి!"

"నవ్వులాటగా ఉన్నాదేట్రా నీకు? మంగళవారం ఇంట్లో కత్తి పడితే ఆ ఇంట్లో శుభం జరుగుతుందా? మీ అప్పకి మూడు సంబంధాలొచ్చేయి. మూడూ వెనక్కెళ్ళిపోయేయి. ఎందుకో నాకిప్పుడు తెలిసింది. ఆదివారం బొబ్బిలి వాళ్ళొస్తన్నారు. ఇదీ చెడిపోతే దానికి పాపం నీదే!"

ఆయన చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. మంగళవారం ఈ ఇంట్లో కత్తి పడిన మాట నిజమే. ఇవాళే కాదు, ఐదేళ్ళుగా పడుతోంది. ఎవరు పడుతున్నారో నాకు తెలుసు. నన్నడిగితే చెప్పేదాన్ని కూడా. కానీ మనుషులు గిన్నెను అడ్డం పెట్టుకుని ఒకరినొకరు తిట్టుకుంటారే తప్ప గిన్నెను ఏదీ అడగరు.

అడగకపోయినా నా సంగతి నేను చెబుతాను.

బుడితిలో ఒక కంచరి రాగినీ తగరాన్నీ కరిగించి, మట్టి అచ్చులో పోసి నన్ను తీశాడు. బయట అంతా ఆకురాయితో రుద్ది మెరిపించాడు. లోపలి వైపుకు వచ్చేసరికి ఆయనకు ఆకలేసింది. భోజనానికి లేచాడు, మళ్ళీ కూర్చున్నాక పక్క గిన్నె అందుకున్నాడు. అలా నా కడుపు కొంచెం గరుకుగా ఉండిపోయింది. విజయనగరం కొట్లో నాతోపాటు వరసగా పేర్చిన గిన్నెలన్నీ నున్నగా ఉండేవి. వచ్చినవాళ్ళు లోపల వేలు పెట్టి చూసి నన్ను పక్కకు పెట్టేసేవారు.

గౌరీశ్వరరావు తండ్రి సింహాద్రి అలా పెట్టలేదు. ఆయన జూట్ మిల్లులో టైమ్ కీపరు. పింగాణీ కప్పు ఒకటి పగలగొట్టుకుని, పిడి ఉన్న మగ్గు ఒకటి వాడి విసుగెత్తి, జేబులో బ్రష్షు వేసుకుని కొట్టుకు వచ్చాడు. గిన్నె కొనడానికి బ్రష్షుతో వచ్చిన మనిషిని ఆ కొట్టువాడు అంతకుముందు చూసి ఉండడు. సింహాద్రి ఒక్కొక్క గిన్నెనూ అరచేతిలో పెట్టుకుని, లోపల పొడి బ్రష్షు గిర్రున తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"బాబూ, ఇది పచ్చడి గిన్నండి," అన్నాడు కొట్టువాడు.

"నురగ గిన్నె అని రాసుంటాదేటి ఎక్కడైనా? అడుగు బరువుండాల, జారకూడదు. మూతి వెడల్పుండాల, బ్రష్షు తిరగాల. లోపల కాస్త గరుకుండాల, అప్పుడే నురగ పట్టుకుంటాది. మిగతావన్నీ అందంగా ఉన్నాయి. ఇదొక్కటే పనికొస్తాది."

నా పుట్టుకలో ఉన్న లోపాన్ని పట్టుకుని నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

ఇంటికి తెచ్చాక అప్పయ్యమ్మ నన్ను పచ్చళ్ళకు కావాలంది. అప్పటికి ఆమె కొత్త కోడలు, గట్టిగా అనలేకపోయింది. మర్నాడు సింహాద్రి నాలో నురగ తీశాడు. అంతే, నా వంటింటి దారి మూసుకుపోయింది. గడ్డం గీసిన గిన్నె మైల. మిగతా గిన్నెలతో కలిపి తోమకూడదు, గడప దాటించకూడదు. ఈనాటికీ అప్పయ్యమ్మ నన్ను చేత్తో ముట్టుకోదు. అవసరమైతే చీపురుపుల్లతో పక్కకు తోస్తుంది.

ఈ న్యాయం నాకు ఏనాడూ అర్థం కాలేదు. వెంట్రుకలు మొలిచింది ఆయన చెంపల మీద. వాటిని తీసింది కత్తి. నేను వాటిని తాకనైనా తాకలేదు. ఆ చెంపలు గల మనిషి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుని వేడి అన్నం తినేవాడు. నేను మాత్రం బయట! సరే, ఉండమన్న చోట ఉన్నాను. మైల అన్న మాటను మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

సింహాద్రి తర్వాత నేను గౌరీశ్వరరావుకు వచ్చాను. వారానికి ఐదు రోజులు పని, మంగళ శుక్రవారాలు సెలవు. ఆ రెండు రోజులూ గూట్లో బోర్లా పడి ఎండిపోవడమే నా పని.

ఐదేళ్ళ కిందట ఒక మంగళవారం ఉదయం ఈ ఇంటి ఆడపిల్ల, దిలీపు అక్క హైమ పెరట్లోకి వచ్చింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. గడ్డం కింద, దవడ పక్కన ఆమెకు వెంట్రుకలు వస్తాయని నాకు అంతకుముందే తెలుసు. పెరట్లో జరిగేవన్నీ గూటికి కనిపిస్తాయి. నాయనమ్మ సున్నిపిండితో చర్మం ఎర్రబడేలా నలుగు పెట్టడం చూశాను. ఎవరో చెప్పిన క్రీము రాస్తే దవడంతా బొబ్బలెక్కి, పది రోజులు చున్నీ కప్పుకుని తిరగడం చూశాను. దారంతో పీకించుకుని వచ్చి, కుళాయి కింద మొహం పెట్టి చప్పుడు లేకుండా ఏడవడం చూశాను. చివరకు డాక్టరమ్మ ఒక్క ముక్కలో తేల్చిందట: "ఒంట్లో హార్మోన్ల తేడా తల్లీ, మందులు వాడు. వెంట్రుకలంటావా, రేజరు పెట్టుకో. గీస్తే ముదురుతాయన్నది వట్టి మాట."

రేజరూ బ్రష్షూ ఆమెకు సొంతంగా సమకూరాయి. గిన్నె దగ్గరే తేలలేదు. మొదట ప్లాస్టిక్ మగ్గులో ప్రయత్నించింది. నురగ నేల కడిగిన నీళ్ళలా పలచగా పరుచుకుంది. తర్వాత స్టీలు గ్లాసు తెచ్చింది. అందులో బ్రష్షు తిరగలేదు. కొబ్బరి చిప్ప కూడా తెచ్చింది పాపం, అది ఒక పక్కకు ఒరిగి సబ్బంతా నేలపాలైంది. అప్పుడు గూటి వైపు చూసింది. మంగళవారం నా జోలికి ఏ మగవాడూ రాడని ఆమెకు తెలుసు.

నన్ను అరచేతిలో పెట్టుకుంది. నాలుగు చుక్కల గోరువెచ్చని నీళ్ళు పోసి బ్రష్షు తిప్పింది. నా గరుకంతా కూడదీసుకుని నేను పని చేశాను. నిమిషంలో నురగ గడ్డపెరుగులా నిలబడింది. హైమ దాన్ని చూసి నవ్వింది. ఆ పెరట్లో గడ్డం గురించి ఆమె నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

మూడు తరాల గడ్డాలకు నురగ తీశాను నేను. నురగ పూశాక అన్ని చెంపలూ ఒకటే. సింహాద్రి గీసుకుని, చెంపలు తట్టుకుంటూ వీధిలోకి వెళ్ళేవాడు. గౌరీశ్వరరావు గీసుకుంటూ పాటలు పాడతాడు. హైమ మాత్రం పెరటి తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, అద్దం తుడిచి, రాలిన వెంట్రుకలు కడిగి, నన్ను చున్నీ చెంగుతో తడి లేకుండా ఒత్తి, ఉన్నచోటే బోర్లించి వెళ్ళేది. ఒకే పని. ఒకరికి ముస్తాబు, ఒకరికి దొంగతనం.

తండ్రికి తెలియకూడదని తల్లి మాట తీసుకుంది. హైమ రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తూ, మంగళ శుక్రవారాల్లో గీసుకుంటూ ఆ మాట నిలబెట్టుకుంది. మూడో సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ పెద్దావిడ "బంగారు తల్లి" అంటూ హైమ గడ్డం పట్టుకుని, ముద్దు చేస్తున్నట్టే వెలుతురు వైపు తిప్పి చూసింది. ఆ మర్నాడే జాతకాలు కలవలేదని కబురొచ్చింది. జాతకాలు ఆవిడ వేళ్ళకు తగిలినట్టున్నాయి.

ఇవాళ ఉదయం హైమ గీసుకోవడం అయ్యేసరికి సూర్యకుమారి పెరట్లోకి వచ్చింది.

"శనివారం బ్యూటీ పార్లరు అమ్మాయిని ఇంటికే రమ్మన్నాను. దారంతో తీసీసి పౌడరు దట్టంగా ఏస్తాది. ఆ ఒక్కరోజు గడిస్తే చాలు. పెళ్ళయ్యాక ఎలాగో సద్దుకోవచ్చు," అంది లోగొంతుకతో.

"పెళ్ళయ్యాక ఎవరింటి గూట్లోంచి ఎవరి గిన్నె దొంగతనం చెయ్యనమ్మా?" అంది హైమ.

హైమ నన్ను ఎప్పటిలా తుడవలేదు, బోర్లించలేదు. ఉన్నదున్నట్టు గూట్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మరచిపోయిందో, ఇక తుడవకూడదనుకుందో నాకు తెలియదు. ఆ వెనకే గౌరీశ్వరరావు పళ్ళు తోముకోవడానికి వచ్చాడు.

అలా మొదలైంది గొడవ. ఇప్పుడది దిలీపు మెడకు చుట్టుకుంది.

"నడు, అమ్మవారి గుడికి. దీపం దగ్గర చెయ్యి పెట్టి చెప్పు నువ్వు కాదని. చెప్పలేకపోతే బొబ్బిలి వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా నువ్వీ ఇంట్లో ఉండడానికి లేదు. ఈ గిన్నె కూడా ఉండడానికి లేదు," అన్నాడు గౌరీశ్వరరావు.

దిలీపు తల్లి వైపు చూశాడు. సూర్యకుమారి నేల వైపు చూసింది.

పారెయ్యనీ, అనుకున్నాను నేను. ఎక్కడ పారేసినా నేను కంచునే. కానీ ఆ పిల్లకు చేసిన పనికి నన్ను శిక్షిస్తే, ఆ శిక్ష తప్పంటూ మోగుతూ పడతాను.

"వాణ్ణెందుకు నాన్నా తిడతారు? నేనే," అంది హైమ. ల్యాబుకు వెళ్ళడానికి తయారై, సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వే ఏటి?"

"నేనే గీసుకున్నాను."

"ఏటి గీసుకున్నావు?"

"గడ్డం."

అప్పయ్యమ్మ చేతిలో చింతపండు జారిపోయింది. "ఒలమ్మొలమ్మ, నెమ్మదిగా అనవే! గోడకవతల పార్వతీశం పెళ్ళాం బట్టలు పిండుతున్నాది."

గౌరీశ్వరరావు కూతురి మొహం చూశాడు. ఇంట్లో రోజూ తిరిగే మొహాన్ని కొత్తగా చూసినట్టు దగ్గరగా చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసండి."

"అమ్మా, నీకో?"

"తెలీకపోడమేట్రా? నలుగు పెట్టిన చెయ్యి కాదా నాది!"

"నాకూ తెలుసు నాన్నా. ఆ బ్రష్షు కొనిచ్చింది నేనే," అన్నాడు దిలీపు.

ఇంటి యజమాని చెయ్యి దానంతటదే తన గడ్డం మీదకు వెళ్ళింది. నిన్న గీసిన గడ్డం, ఇవాళ్టికి ముళ్ళు తేలి ఉంది. కుళాయి తిప్పాడు, కట్టేశాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. కోపమే మేలనిపించింది నాకు.

"అయిందేదో అయింది. ఆదివారం దాకా ఈ మాట ఎవరి నోటమ్మటా రాకూడదు. శనివారం ఆ పార్లరు పిల్లని రానీండి. మూడు ముళ్ళూ పడిపోయాక వాళ్ళే అర్థం చేసుకుంటారు."

"అదే కదండీ నేనూ అంటున్నాను," అంది సూర్యకుమారి.

"ఆడపిల్ల సంగతులు గుట్టుగానే ఉండాల," అంది అప్పయ్యమ్మ.

అరగంటగా ఒక్క మాట మీద కూడా కలవని వాళ్ళు దీని మీద ఎంత చప్పున కలిసిపోయారో! ఒక్క దిలీపు మాత్రం కలవలేదు.

హైమ సంచీ తీసి అరుగు మీద పెట్టింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. పెరట్లోకి దిగి వాళ్ళందరి మధ్యా నిలబడింది. తండ్రి తల దించుకుంటే, ఆయన తల ఎత్తేదాకా ఆగింది. గొంతు పెంచలేదు. గోడకవతల బట్టలు పిండే చప్పుడు ఆగిపోయినా గొంతు తగ్గించనూ లేదు.

"బొబ్బిలి అబ్బాయి నెంబరు నా దగ్గరున్నాది నాన్నా. మధ్యాన్నం భోజనం వేళకి ఫోను చేస్తాను. నాకు గడ్డం వస్తాదనీ, గీసుకుంటాననీ, పెళ్ళయ్యాక కూడా తలుపు గడియ పెట్టకుండా గీసుకుంటాననీ చెప్పీస్తాను. అది విన్నాక కూడా వస్తే, రానీండి, కాఫీ నేనే ఇస్తాను. రాకపోతే ఆదివారం నాకు సెలవు. తలంటుకుని పడుకుంటాను. నన్నెవరూ లేపకండి."