మానేరు ఒడ్డు నుమాయిష్

మాఘమాసం దగ్గర పడుతుంటే హనుమండ్లుకు ఒళ్ళు బరువెక్కేది. సుల్తానాబాద్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, రైతుల ప్రదర్శనకు ఎవరి ఎడ్లు వస్తాయో, ఎవరు పెద్ద గుమ్మడికాయ తెస్తారో మాట తీసుకోవాలి. మానేరు ఒడ్డున ఉన్న తన చేనులో గుంజలు పాతించాలి. నీళ్ళ తొట్లు నింపించాలి. వచ్చిన అధికారులకు నీడ చూడాలి. ఇన్నేళ్ళుగా ఈ పనంతా అతని నెత్తినే ఉంది. ఎత్తుకొమ్మని ఎవరూ అడగలేదు, ఇక చాలు దించుకొమ్మని కూడా ఎవరూ అనలేదు.

"ఈ యేడు నాతోని కాదే," అన్నాడు భార్య ఐలవ్వతో, గడప పక్కన కూలబడి. "వానల్లేవు, మేత లేదు. వచ్చినోళ్ళు ఏం జూస్తరు? బక్కచిక్కిన ఎడ్ల బొక్కలు జూస్తరా?"

"యేటా గట్లనే అంటవ్," ఐలవ్వ జొన్నలు చెరగడం ఆపలేదు. "తెల్లారంగనే రుమాలు సుట్టుకొని పోతవ్."

ఆమె అన్నది నిజమే.

ఆ ప్రదర్శన మొదలైంది ఒక పంతం వల్ల. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, ఊళ్ళు విడిచిపోయిన జనం తిరిగొచ్చి, మళ్ళీ నాగలి పట్టిన తొలి ఏళ్ళవి. తన ఎడ్ల జత ఎంత గట్టి నేలలోనైనా ఆగదని మానేరు అవతలి ఊరి మొగిలి అన్నాడు. తన జత ముందు అవి దూడలని హనుమండ్లు అన్నాడు. కోతలైన చేనులో ఇద్దరూ పోటీపడి దున్నారు. చూడ్డానికి రెండూళ్ళ జనం కదిలొచ్చారు. మొగిలి గెలిచాడు. ఓడిన హనుమండ్లే అతని తలకు కొత్త రుమాలు చుట్టాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకున్నారు.

మరుసటి ఏడు జనం పిలవకుండానే వచ్చారు. ఆడవాళ్ళు చాటల్లో పసుపు కొమ్ములు, మక్క కంకులు, మిరపపండ్లు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. హైదరాబాదు చూసొచ్చినవాడెవడో "ఇది మన నుమాయిష్" అన్నాడు. ఆ పేరే నిలిచింది.

తర్వాత పంచాయతీ సమితులు వచ్చాయి, ప్రదర్శన సర్కారు చేతికి పోయింది. మైకు వచ్చింది, కుర్చీలు వచ్చాయి, ఎరువుల బస్తాలకూ నీళ్ళ ఇంజన్లకూ పందిళ్ళు వెలిశాయి. ఉపన్యాసాలకు అడ్డమని దున్నే పోటీ తీసేశారు. ఎడ్లను ఓ మూలకు జరిపారు. హనుమండ్లు తిరుగుడు మాత్రం తగ్గలేదు. పైగా ఎడ్లకు మార్కులు వేసే పెద్దమనిషి అని ఒక పేరు కూడా తగిలించారు.

ఈ కరువు ఏడాది ప్రదర్శన ఆగిపోతుందని అతను లోలోపల ఆశపడ్డాడు. కానీ సమితి గ్రామసేవకుడు అంబదాస్ ఇంటికొచ్చాడు. ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, పెళ్ళికాలేదు, ఎప్పుడూ సైకిలు మీదే ఉంటాడు.

"కాకా, కలెక్టర్ సాబ్ వస్తుండు. నువ్వు లేకుంటె ఎట్ల? సమితి బాయికాడ కొత్త రకం గడ్డి పెంచిన. మనిషెత్తు పెరిగింది. గది జూపియ్యాలె."

హనుమండ్లు తెల్లారి రుమాలు చుట్టుకున్నాడు.

ప్రదర్శన రోజున వచ్చిన ఎడ్లు కొన్నే. ఉన్నవాటికీ పక్కటెముకలు బయటపడ్డాయి. వాటికి ఎదురుగా, తాడు కట్టిన పందిట్లో, అంబదాస్ పెంచిన పచ్చగడ్డి మోపులు మోపులుగా నిలబడి ఉంది. మొగిలి తన ముసలి జతను తోలుకొచ్చి గుంజకు కట్టాడు.

"గింత ఎండల ఎందుకు తెచ్చినవ్ బావా?" అడిగాడు హనుమండ్లు.

"సోమారం అంగట్ల అమ్ముత," అన్నాడు మొగిలి. "గీ నలుగుర్ల ఒక్కపారి నిలవెడ్దామని తెచ్చిన."

హనుమండ్లు ఎద్దు వీపు మీద చెయ్యి వేశాడు. ఎముకల మీద తోలు జారింది. ఎద్దు అతన్ని పట్టించుకోలేదు. మెడ సాచి గడ్డి వైపే చూస్తోంది. మూతి నుంచి చొంగ కారుతోంది. కలెక్టరు గారు రావడం కొంచెం ఆలస్యమవుతుందని మైకు చెప్పింది. ఎండ నడినెత్తికి వచ్చింది. మైకు మళ్ళీ అదే మాట చెప్పింది.

అతను లేచి వెళ్ళి పందిరి తాడు విప్పాడు. ఒక మోపు చంకకెత్తుకొచ్చి మొగిలి ఎడ్ల ముందు పడేశాడు. ఇంకొకటి పక్క జతకు వేశాడు.

అంబదాస్ పరుగెత్తుకొచ్చాడు. "కాకా, ఏం జేస్తున్నవ్! దినాం బొక్కెనతోని తడిపి పెంచిన. కలెక్టర్ సాబ్‌కు ఏం జూపియ్యాలె?"

"ఎడ్లను జూపియ్యి."

"నా కష్టమంత..." అంబదాస్ తాడు విప్పిన పందిరి వైపు చెయ్యి చాపాడు.

"నీ మీద కోపం లేదు బిడ్డా. గవి సూస్తుంటె నేను నిలవడలేకపోతున్న. శాతనైతలేదు."

ఎవరూ అడ్డం రాలేదు. ఆడవాళ్ళు కూడా లేచి తలా ఒక మోపు మోశారు. కాసేపటికే పందిరి ఖాళీ అయింది. మైకు నోరు మూసుకుంది. ఎడ్లు నమిలే చప్పుడే మిగిలింది. అంబదాస్ కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. హనుమండ్లు అతనికి చెంబుతో నీళ్ళిచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మంచిగ పెరిగింది నీ గడ్డి," అన్నాడు. "ఒక్క పరక ఇడిసిపెట్టలే."

పొద్దు వాలాక జీపు వచ్చింది. కలెక్టరు పందిరి చూశాడు, తర్వాత ఎడ్ల దగ్గరికి నడిచి చాలాసేపు నిలబడ్డాడు. ఉపన్యాసం లేకుండానే వెళ్ళిపోయాడు. సర్కారు నుంచి కరువు మేత వస్తుందన్నారు. వచ్చింది కూడా, వేసవి ముదిరాక. అప్పటికి మొగిలి కొట్టం ఖాళీ అయి చాలా కాలమైంది.

పై ఏడు వానలు పడ్డాయి. నుమాయిష్‌ను సుల్తానాబాద్ బడి మైదానానికి మార్చారు. అంబదాస్ సైకిలు దిగి, చెప్పడానికి మొగమాటపడ్డాడు.

"ఈసారి మార్కులకు పశువుల డాక్టర్‌ను పిలుస్తున్రు కాకా."

"మంచిదాయె," అన్నాడు హనుమండ్లు. ఆ మాట మనసులోంచే వచ్చింది. అంబదాస్ వెళ్ళాక ఛాతీలో ఎక్కడో కాస్త వెలితి కూడా తెలిసింది. దాన్ని పట్టించుకునే ఓపిక లేక లోపలికెళ్ళి పడుకున్నాడు.

నుమాయిష్ నాడు అతను చేనులో శనగ పీకుతుంటే మొగిలి ఏరు దాటి వచ్చాడు.

"పోతలేవా బావా?"

"లే. నువ్వు?"

"ఎడ్లు లేనోన్ని, పోయి ఏం జెయ్యాలె?"

మొగిలి పంచె ఎగగట్టి పక్క చాలులో వంగాడు. ఇద్దరూ పొద్దు వాలేదాకా శనగ పీకారు.