కోయని కట్లు

ఎముకల వార్డులోకి అడుగు పెట్టే ముందు విద్యార్థుల్ని ఒక వారం పాటు సుత్తి మేడం చేతిలో పెడతారు. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఆపరేషన్ థియేటర్లో సుత్తి పట్టుకుంటారు కదా మేడం, అందుకని, అంటారు ఆవిడ ముందు. ఆవిడ లేనప్పుడు చెప్పుకునే కారణం వేరు. మాట మొదలెట్టిందంటే బల్ల మీద టీ చల్లారి, మీగడ కట్టి, ఆ మీగడ ఎండి కప్పుకి అతుక్కునేదాకా ఆపదు. ఆవిడకి రెండు కారణాలూ తెలుసు. రెండో దానికే ఎక్కువ మురిసిపోతుందని కొందరి అనుమానం.

ఆ వారంలో ఆవిడ చెప్పేవి పుస్తకాల్లో దొరకవు. ఎక్స్‌రే గదిలో వేసుకునే సీసం కోటు ఒక్కొక్కరికీ తొడిగి, మెట్లెక్కి దిగి రమ్మంటుంది. బియ్యం బస్తా మోసినట్టు రొప్పుతూ వచ్చినవాళ్లతో, ఇది వేసుకుని పూటంతా నిలబడాలని చల్లగా చెబుతుంది. థియేటర్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, దేన్ని తాకకూడదో చూపిస్తుంది. డ్రిల్లు చప్పుడికి కళ్లు తిరిగితే ముందుకి కాకుండా వెనక్కి, గోడకి ఆనుకుని ఎలా జారాలో తనే జారి చూపిస్తుంది.

"పడిపోండి, తప్పు లేదు. పేషెంటు మీద మాత్రం పడకండి. పాపం ఆయన అప్పటికే ఒకటి విరగ్గొట్టుకుని వచ్చాడు."

అన్నిటికీ చివర కట్టు పరీక్ష. పిల్లల్ని జంటలుగా విడగొడుతుంది. జంటలో ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు. పేషెంటు ఎడమ ముంజేతికి డాక్టరు పిండికట్టు వేయాలి. పేషెంటు దాంతోనే ఇంటికెళ్లి, తిని, పడుకుని, పొద్దున్నే రావాలి. మర్నాడు వీళ్లు వాళ్లు, వాళ్లు వీళ్లు. కట్టు వేసుకున్నవాడి బతుకేమిటో తెలియకుండా కట్టు వేసే హక్కు ఎవరికీ లేదని ఆవిడ నమ్మకం.

ఇంతవరకూ మేడం చెప్పిందే. దీనికి హాస్టల్లో సీనియర్లు ఇంకో ముక్క కలిపి చెబుతారు. తెల్లారేలోపు పేషెంటు కట్టు కోయించుకుంటే, వేసిన డాక్టరు తప్పినట్టే. వార్డులోకి రానివ్వరు, మళ్లీ వచ్చే ఏడు పిల్లలతో కలిసి మొదటి నుంచీ. ఆ మాట ఎప్పుడు పుట్టిందో, ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. మేడాన్ని అడిగే ధైర్యం మాత్రం ఎవరూ చేయలేదు.

ఈసారి ఆ మాటకి అందరికంటే ఎక్కువ భయపడ్డవాడు తాతయ్య. వయసేం ముదరలేదు. ఒక ఏడు తప్పి, తనకంటే చిన్నవాళ్లతో కూర్చోవాల్సి వచ్చింది గనుక ఆ పేరు. పోయినేడు వార్డులో పేషెంటు మంచం పక్కన నిలబెట్టి, "అడుగు ఈయన్ని" అన్నారు. చేతిలో కాగితం ఉంది, బుర్రలో ప్రశ్నలున్నాయి, నోరే పెగల్లేదు. పేషెంటే జాలిపడి, "నడుం నొప్పి బాబూ" అని తనంతట తాను చెప్పుకున్నాడు. దాంతో ఆ ఏడు పోయింది. చేతులు మాత్రం చక్కటివి. విరిగిన కుర్చీ ఇస్తే కొత్తదాన్ని చేసి ఇచ్చే రకం. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. డిపోలో కనిపించిన ప్రతివాడికీ మావాడు ఎముకల డాక్టరవుతున్నాడని ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు. తప్పిన సంగతి డిపోలో ఇంకా తెలియదు. రెండోసారి కూడా తప్పితే దాచడం ఆయన తరం కాదు.

తాతయ్యకి జంటగా టాపర్ పడింది. ఆ పిల్లకి అసలు పేరొకటి ఉందన్న సంగతి హాజరు పిలిచేటప్పుడే గుర్తొస్తుంది. పుస్తకం మొత్తం నోటికి వచ్చు. ఏ కష్టం వచ్చినా నోరెత్తదు. పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. అక్కడ చిన్నప్పటి నుంచీ అలవాటైన పద్ధతి అది, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఉండటం.

తాతయ్య ఆ మధ్యాహ్నం వేసిన కట్టు చూడటానికి పక్క బల్లల వాళ్లు కూడా వచ్చారు. మిగతావాళ్లవి గడ్డలు గడ్డలుగా, పిడకలు అంటించినట్టు ఉన్నాయి. ఇతనిది నునుపుగా, స్తంభం చెక్కినట్టు ఉంది. మేడం వేలితో మీటి చూసి, "బాగుంది" అంది. ఆవిడ నోట ఒక్క మాటతో ముగిసిన వాక్యం వినడం అందరికీ అదే మొదలు. టాపర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "తాతయ్యా, దీన్ని కోయాలంటే ప్రాణం ఒప్పదు" అని నవ్వింది.

డాక్టరు సాయంత్రం తన పేషెంటుని ఒకసారి పలకరించాలని మేడం ఆజ్ఞ. అందరూ ఫోన్లలో పలకరించేశారు. తాతయ్య అద్దం ముందు నిలబడి ప్రశ్నలు మూడు నాలుగుసార్లు గట్టిగా చెప్పుకుని, అప్పుడు చేశాడు. వేళ్లు కదులుతున్నాయా అంటే కదులుతున్నాయంది. తిమ్మిరి ఉందా అంటే లేదంది. నొప్పి ఉందా అంటే, కాస్త ఆగి, లేదంది. నోరు తడబడకుండా అన్నీ అడిగేసినందుకు అతనికి గొప్ప సంతోషం వేసింది. ఫోను పెట్టేయబోతుంటే అటు పక్కన ఎవరిదో ఆడగొంతు వినిపించింది, వాళ్ల పిన్నిది కాబోలు.

"ఆ చెయ్యి దించవేమే? ఇందాకట్నుంచీ బళ్లో పిల్లలా ఎత్తుకునే ఉన్నావు."

ఫోను ఆగిపోయింది.

తాతయ్య మంచం మీద కూర్చుని ఆలోచించాడు. చెయ్యి ఎత్తి ఉంచడం మంచిదే, పుస్తకంలో ఉంది. పుస్తకం మొత్తం వచ్చిన పిల్ల పుస్తకంలో ఉన్నట్టు చేస్తోంది, అంతే. అయినా అడిగాడు, లేదంది. ఇంకేం చేయాలి? తెల్లారితే అయిపోతుంది. నాన్న డిపోలో తలెత్తుకు తిరుగుతాడు. ఇలా తనకి తాను నచ్చజెప్పుకుంటూనే ఎప్పుడు లేచాడో లేచాడు, చెప్పులు వేసుకున్నాడు. చెయ్యి దించితే ఏమవుతోందో మాత్రం తను అడగలేదు. పొగడ్త వచ్చిన కట్టు గురించి అడగాలనిపించలేదు, నిజం చెప్పాలంటే.

తలుపు పిన్ని తీసింది. మనిషిని ఎగాదిగా చూసి, "నువ్వేనా మా పిల్ల చేతికి సిమెంటు చేసింది? మా ఆయన చూసి, మన ప్రహరీ గోడ కూడా ఇతని చేతే కట్టిద్దామన్నాడు" అంటూ లోపలికి రానిచ్చింది. టాపర్ వంటగదిలో ఉంది. ఫ్రిజ్ పక్కన నిలబడి, కట్టు చెయ్యి ఫ్రిజ్ మీద ఆనించి, కుడి చేత్తో పుస్తకం పట్టుకుని ఉంది. పుస్తకం తలకిందులుగా ఉంది.

"ఎందుకొచ్చావు? చెప్పాగా, బానే ఉందని."

అతను ఆమె వేళ్లు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. ఉబ్బి, నున్నగా మెరుస్తున్నాయి. గోరు నొక్కి వదిలితే పోయిన ఎరుపు తిరిగి రావడానికి బద్ధకించింది. మధ్యవేలు పట్టుకుని మెల్లగా వెనక్కి చాచాడు. టాపర్ పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"పద. కోయిద్దాం."

"నీకేమైనా పిచ్చా? తెల్లారేదాకా ఓర్చుకుంటా. ఇప్పుడు కోస్తే నీ ఏడు పోతుంది తాతయ్యా. మీ నాన్నగారికి ఏం చెబుతావు?"

అప్పుడు అర్థమైంది అతనికి. ఆ పిల్ల మధ్యాహ్నం నుంచీ మోస్తున్నది కట్టుని కాదు, తన ఏడాదిని. ఎముకల పాఠంలో మొట్టమొదట చెప్పే ప్రమాదం ఇదే. బిగిసిన కట్టు లోపల కండ ఊపిరాడక చచ్చిపోతుంది, మళ్లీ రాదు. ఆ పాఠం ఆమెకి అక్షరం పొల్లు పోకుండా వచ్చు. ఆ చెయ్యి లేకపోతే రేపు ఆమెకి సుత్తీ లేదు, కత్తీ లేదు. ఇవన్నీ చెప్పాలనుకున్నాడు. నోటికి వచ్చింది మాత్రం ఇంతే.

"నా ఏడు నాది. నీ చెయ్యి నీది. నా ఏడు మళ్లీ వస్తుంది."

ఇంకేమీ అనలేకపోయాడు. అనాల్సిన పని కూడా లేకపోయింది. పిన్ని గుమ్మంలో నిలబడి అంతా వింది. చెప్పులు వేసుకుంటూ మొగుడికి ఒక కేక వేసి, ముందు తనే వీధిలోకి దిగింది. దారి పొడుగునా అక్క కూతుర్ని తిడుతూనే ఉంది, అక్కయ్య ఫోను చేస్తే నేనేమని చెప్పాలే అని. తిడుతూనే ఆ చెయ్యి కిందికి జారకుండా మోచేతి కింద తన చెయ్యి పెట్టి పట్టుకుంది.

ఆసుపత్రి కట్ల గదిలో డ్యూటీలో ఉన్నాయన్ని అందరూ కట్లన్న అంటారు. ఆయన టిఫిను డబ్బా మూత పెట్టి, ప్రశ్నలేవీ అడక్కుండా కరెంటు రంపం తీసి ప్లగ్గుకి తగిలించాడు. కట్టు ఈ చివర నుంచి ఆ చివరకి చీలింది. కింద దూది కూడా చర్మం కనిపించేదాకా కత్తిరించారు. మణికట్టు దగ్గర చుట్టూతా ఎర్రగా గాడి పడి ఉంది. తాతయ్య తను పరిచిన దూది పొర వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. లైటు వెలుతురు అందులోంచి అవతలికి వస్తోంది. నునుపు కోసం దూది పల్చగా వేశాడు. నునుపు కోసమే పట్టీ లాగి లాగి చుట్టాడు.

టాపర్ చేతిని పైకెత్తి దిండు మీద పెట్టారు. కాసేపటికి వేళ్లు వెచ్చబడ్డాయి. గోళ్లకి రంగు తిరిగింది. ఆమె అప్పుడు ఏడ్చింది. నొప్పి ఉన్నంతసేపూ ఏడవని మనిషి, నొప్పి పోయాక పిన్ని భుజం మీద తల పెట్టుకుని చంటిపిల్లలా ఏడ్చింది.

పొద్దున్న క్లాసులో కట్లు వేసిన చేతులన్నీ బల్లల మీద వరసగా ఉన్నాయి. టాపర్ చెయ్యి ఒక్కటే ఖాళీగా, మణికట్టుకి ఎర్ర గీతతో ఉంది. మేడం ఆ చేతి దగ్గర ఆగింది. తాతయ్య లేచి నిలబడి, అడక్కముందే, దూది దగ్గర నుంచి ఫ్రిజ్ దాకా అంతా చెప్పాడు. చివర్లో, రూలు ప్రకారం తప్పాను మేడం, పైయేడు వస్తాను, అన్నాడు.

"ఏ రూలు?" అంది మేడం.

వెనక బల్ల నుంచి బుడగ అనే లావుపాటి కుర్రాడు, అందరిలోకీ నోరున్నవాడు, సీనియర్ల మాట బయటపెట్టాడు. మేడం వింది. ఆ రూలు తను ఎన్నడూ పెట్టలేదనడానికి నోరు తెరిచి, ఆపేసి, మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఆవిడ మాట మధ్యలో ఆపడం ఎవరూ ఎరగరు.

"మా పిల్లలు వేసిన కట్టు ఒక్కటి కూడా తెల్లారకముందు కోయాల్సిన అవసరం రాలేదని, ఊరంతా చెప్పుకున్నాను నేను" అంది. "కట్లు బాగున్నాయి గనుక కోయలేదనుకున్నాను."

లేచి, కట్లన్నని పిలిపించింది. అందరివీ అక్కడే కోయించింది. ఒక్కొక్క కట్టు విడిపోతుంటే గది మొత్తం మెడలు సాచి చూసింది. బుడగ బొటనవేలి మొదట్లో చర్మం కమిలి ఉంది. ఇంకో అమ్మాయి మోచేతి దగ్గర ఒరుసుకుపోయి ఉంది. నీకు సాయంత్రం ఫోను చేసి అడిగితే ఏం చెప్పావని మేడం బుడగని అడిగింది.

"బానే ఉందన్నాను మేడం. వీడు అసలే బక్కోడు, తప్పితే తట్టుకోలేడని."

అతనికి కట్టు వేసిన బక్కవాడు తల దించుకున్నాడు.

మేడం టాపర్ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ వంచి, చాచి, గోళ్లు నొక్కి చూసింది. పేషెంట్లు భయపడి అబద్ధం చెబుతారు, మొహమాటపడి చెబుతారు, వాళ్లని ఏమనగలం, అన్నీ తెలిసి నువ్వెలా చెప్పావమ్మా, అని అడిగింది. గొంతులో కోపం లేదు. బహుశా ఆ ప్రశ్న మేడం ఆమెని ఒక్కర్తినే అడగలేదు.

తర్వాత తాతయ్య వైపు తిరిగింది.

"నీ కట్టుకి సున్నా. నిన్న బాగుందన్నందుకు నాకూ సున్నా. రేపట్నుంచి వార్డుకి రా. నేను చెప్పేదాకా ఒక్క కట్టు కూడా ముట్టుకోకు. వేసిన ప్రతి కట్టు దగ్గరికీ వెళ్లి అడుగు."

అతనికి ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే సంగతి అర్థమైంది. చేతులు కట్టేసి, నోటిని పనిలో పెట్టింది మహాతల్లి.

మర్నాడు వార్డులో అతన్ని మొదటి మంచం దగ్గర వదిలేశారు. మెట్ల మీద నుంచి జారిపడ్డ ముసలావిడ, కాలికి తొడ దాకా కొత్త కట్టు. తాతయ్య గొంతు సవరించుకుని, కట్టు బిగుతుగా ఉందామ్మా అని అడిగాడు.

"ఏం లేదు బాబూ, బానే ఉంది. మీరు బోలెడు పనుల్లో ఉంటారు, వెళ్లండి."

అతను వెళ్లలేదు. మంచం కింద నుంచి స్టూలు లాగి, కూర్చున్నాడు.

"నాకు ఇంకో పని లేదమ్మా. ఇదే నా పని."

ముసలావిడ అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత కాలి మీది దుప్పటి మెల్లగా పక్కకి తీసింది.