చివరి వంతు

నీళ్ళు కాగి చాలాసేపయినా మిత్సుఎ స్నానాల తొట్టె మీద మూత తియ్యలేదు. అందరూ కానిచ్చి వచ్చేదాకా ఆగడం అలవాటు. అందరూ అంటే ఇప్పుడెవరూ లేరని, భర్త కోహేయి వసంతంలోనే పోయాడని గుర్తొచ్చేసరికి నీళ్ళు చల్లబడిపోతాయి. ఒళ్ళు బయట కడుక్కుని, ఒకే తొట్టె వేణ్ణీళ్ళలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగే ఇళ్ళలో వంతు అంటే చిన్న విషయం కాదు. పెళ్ళయి వచ్చిన రోజే అత్తగారు చెప్పింది. "ముందు మామగారు, తర్వాత మా అబ్బాయిలు, తర్వాత నేను. తొట్టె కడిగేది నువ్వే కదమ్మా, ఆఖర్న దిగితే నీకే సుఖం." అది నిజంగా తన సుఖం కోసమేనని మిత్సుఎ చాలా ఏళ్ళు నమ్మింది.

పెరట్లో టెలిస్కోపు దగ్గరా అదే వరస. కోహేయి చూసేవాడు, తర్వాత మరిది తెత్సురో, తర్వాత నక్షత్ర సంఘంలోని మగవాళ్ళు. ఆమె పంది మాంసం, ముల్లంగి వేసిన సూపు కాచి, గిన్నెలు అందించి, ఖాళీ గిన్నెలు తీసుకుని, కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఎవరో ఒకరు, "వదినగారికీ ఒకసారి చూపించండి" అనేవారు. ఆమె వంగేది. కళ్ళజోడుతో చూస్తే ఏమీ ఆనేది కాదు. తీస్తే కనురెప్పలు గాజుకి తగిలేవి. "మరకలు చెయ్యకు" అనేవాడు కోహేయి. లోపల ఉత్త చీకటి. వెనక మగవాళ్ళందరూ జవాబు కోసం చూస్తుండేవారు. "చాలా బాగుంది" అనేది. ఏం కనిపించిందని ఒకసారి భర్త అడిగితే తడబడింది. "నీకు చూడ్డం రాదులే" అని అతను నవ్వాడు. ఆ మాట ఆ ఇంట్లో పాతుకుపోయింది. పోయినవారం తెత్సురో ఫోన్ చేసి, అన్నయ్య టెలిస్కోపు తుప్పు పట్టకముందే సంఘానికి పట్టుకుపోతానని, ఆదివారం సాయంత్రం బండి తెస్తానని చెప్పాడు. చివర్లో మామూలుగానే, "నీకెలాగూ చూడ్డం రాదు కదా వదినా" అన్నాడు. ఆమె సరేనంది. సరేనన్నాక అన్నం సయించలేదు. టెలిస్కోపు మీద మమకారం కాదు. అది వెళ్ళిపోతే, ఆ మాట నిజమో కాదో ఈ జన్మకిక తెలియదు.

గ్రంథాలయంలో పిల్లల పుస్తకాల వరసలో నిలబడి చదువుకుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు బాగా పెద్దదిగా చూపే కంటి కటకం పెట్టకూడదట, తక్కువ పెంచి ఎక్కువ ఆకాశాన్ని చూపేది పెట్టాలట. కోహేయి పెట్టెలో అలాంటిది ఒక్కటీ లేదు. ఆయన లెక్కలో అవి పిల్లకాయలవి. టెలిస్కోపుకి ఉన్న కటకాన్ని నమూనాకి తీసుకెళదామని లాగితే రాలేదు. బిగుసుకుపోయింది. బలమంతా పెట్టి తిప్పేసరికి అది కూర్చున్న రింగు మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. విరగ్గొట్టేశాననుకుంది. దాన్ని రుమాల్లో చుట్టుకుని మత్సుమొతో పట్నానికి రైలెక్కింది.

అక్కడ టెలిస్కోపుల దుకాణం నడిపే హత్సుమికి యాభై దాటి ఉంటాయి. "అన్నిటికన్నా తక్కువ పెంచి చూపించేది కావాలి" అని మిత్సుఎ అంటే ఆమె తలెత్తి చూసింది.

"ఆ మాట అడిగిన మొదటి మనిషి మీరేనమ్మా. ఇక్కడికొచ్చే మగాళ్ళంతా ఇంకా పెద్దది, ఇంకా పెద్దది అంటారు."

మిత్సుఎ రుమాలు విప్పి, విరిగిందని క్షమాపణ చెప్పింది. హత్సుమి రింగు మరలు వేలితో తడిమి నవ్వింది. విరగలేదు, అది ఊడేదే. పాతకాలం కటకాల గొట్టం సన్నం, ఇప్పటివి లావు. ఒట్టి కటకం కొనుక్కుపోయి, ఇంటికెళ్ళాక పట్టడం లేదని ఏడ్చేవాళ్ళే ఎక్కువట. రింగు తెచ్చారు కాబట్టి దీని చోట వెడల్పుది బిగిస్తే సరిపోతుందంది. ముప్ఫైరెండు అని రాసి ఉన్న ఒక సాదా కటకం ముందు పెట్టింది. పక్కనే నలభైది కనిపిస్తే, అంకె పెద్దదైతే ఇంకా తక్కువ పెంచుతుంది కదా అని మిత్సుఎ అడిగింది. పెంచడం తక్కువే కానీ, గొట్టం అదే కాబట్టి కనిపించే ఆకాశమూ అంతేనని, దాన్నే చిన్నది చేసి చూపిస్తుందని హత్సుమి చెప్పింది. పై అరలో ఉన్న ఖరీదైనవాటి జోలికి పోవద్దంది. "మీ టెలిస్కోపుకి ఇది చాలు. కళ్ళజోడు తియ్యక్కర్లేదు కూడా."

తియ్యక్కర్లేదన్న మాటకి మిత్సుఎ కళ్ళజోడు సవరించుకుంది. ఎవరికీ చెప్పనిది నోటి నుంచి జారింది. "నాకు ఎప్పుడూ ఏమీ కనపడలేదండీ."

"మీరు ఎన్నో మనిషిగా చూసేవారు?"

"ఆఖర్న."

హత్సుమి పాత కటకాన్ని వెలుతురులో పట్టుకుంది. "దీంతోనా? భూమి తిరుగుతూనే ఉంటుంది కదమ్మా. ఇంత పెంచితే చుక్క నిమిషంలో పక్కకి పోతుంది. మర తిప్పుతూ వెంట పడేవాడికే కనిపిస్తుంది. మీ ముందాయన తప్పుకున్నాక తిప్పేవాళ్ళెవరు? మీరు చూసింది ఒట్టి ఆకాశం. మీ కంటి తప్పేం లేదు."

కొత్త అన్నం కుక్కరు కోసం దాచుకున్న డబ్బులో సగం కూడా ఖర్చవలేదు. తిరుగు రైల్లో ఆమె కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ఆస్పత్రిలో చివరి రోజు కూడా వరసే. ముందు తెత్సురో, తర్వాత సంఘం పెద్దలు. వచ్చినవాళ్ళకి టీ పట్టుకురమ్మంటే ఆమె వెళ్ళింది. ట్రేతో తిరిగొచ్చేసరికి కోహేయి లేడు. చివరి చూపు కూడా దక్కించుకోలేని దాన్నని ఇన్నాళ్ళూ తనని తనే తిట్టుకుంది. దక్కించుకోలేకపోవడం కాదు. తన వంతు వచ్చేసరికి ఏదీ ఉండదు, అంతే. ఏడుపొస్తుందేమో అనుకుంది. ఇరుగ్గా ఉన్న చెప్పులు విప్పేసినట్టు హాయిగా ఉంది.

శనివారమంతా మబ్బు. ఆదివారం పొద్దుగూకాక ఆకాశం తేటపడింది. స్నానానికి నీళ్ళు కాగబెట్టి, చూరుకి ఎండబెట్టిన పర్సిమన్ పళ్ళ దండల పక్కన టెలిస్కోపు నిలబెట్టి, కొత్త రింగు బిగించి కటకం పెట్టి, తూర్పున లేస్తున్న సుబారు వైపు, అంటే మన కృత్తికల వైపు, తిప్పింది. కళ్ళజోడు అలాగే ఉంచుకుని వంగింది.

అన్నీ ఉన్నాయి. ఒక్కటీ విడిపోకుండా గుంపంతా, చిన్నప్పుడు అక్కలతో గట్టు మీద కూర్చుని చూసినట్టే, మధ్యలో అప్పుడు కనిపించని సన్నని చుక్కలు కూడా. ఊపిరి బిగబట్టి చూసింది. కదిలాయి కానీ మెల్లగా, తొందరేం లేదన్నట్టు.

గేటు చప్పుడైంది. తెత్సురో బండి ఇంజను ఆపకుండానే దిగి లోపలికొచ్చాడు. "దుప్పట్లో చుట్టి పెట్టావనుకున్నానే వదినా. ఏదీ, ఏం పెట్టావు, చూడనీ" అంటూ, ఎప్పటిలాగే, ఆమె తప్పుకుంటుందని వచ్చి పక్కన నిలబడ్డాడు.

మిత్సుఎ కన్ను తియ్యలేదు.

"బండి ఆపి రా తెత్సురో. ఇది ఎక్కడికీ రావడం లేదు. నా వంతు ఇంకా అవలేదు."

కాసేపటికి ఇంజను ఆగింది. అతను వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. చలికి చేతులు రుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది కానీ ఆమె తొందరపడలేదు. నిండా చూసుకున్నాక అప్పుడు జరిగింది.

"చూడు. నీకూ ఉన్నాయి."

అతను వంగుతుంటే, తొట్టె మీద మూత తియ్యడానికి ఆమె లోపలికి వెళ్ళింది. నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి.