కొలతల్లేని ఒంటె

నా ఉద్యోగం తిట్లు తినడం. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తేది నేనే. కుళాయి రాకపోతే నా తప్పు, వచ్చి బురదరంగులో ఉంటే నా తప్పు, ఇంట్లోవాళ్ళే కట్టెయ్యడం మరిచిపోయి మేడంతా మునిగితే అదీ నా తప్పే. "అలాగేనండీ, చూస్తామండీ" అనీ అనీ నాలుక అరిగిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఎవరైనా "ఇదిగో చూడూ" అని మొదలుపెడితే చాలు, "మీ ఇంటి నంబరు చెప్పండి" అనేస్తాను. మా అత్తగారిని ఒకసారి అలాగే అడిగాను. ఆవిడ చెప్పింది కూడా.

మా ఆయన దర్జీ. ఇంటి ముందుగది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. వీధిలో అందరూ ఆయన్ని అంగుళం మాస్టారంటారు. పావంగుళం తేడా వస్తే ఆయనకి నిద్రపట్టదు. గోడమీద పటం ఒరిగితే భోజనం మధ్యలో లేచి సర్దివచ్చి మళ్ళీ కూర్చుంటారు. నన్ను మొదటిసారి చూసినప్పుడు "మీ ఎడమ భుజం కాస్త దిగి ఉంటుందండీ" అన్నారు. అంత ప్రేమగా ఎవరూ ఏ భుజం గురించీ చెప్పలేదు కాబట్టి పెళ్ళికి ఒప్పుకున్నాను.

దుకాణంలో రోజూ సంచెడు గుడ్డముక్కలు మిగులుతాయి. ఒకరోజు ఓ పెద్దమనిషి ఫోనులో నన్నూ, నా వంశాన్నీ కలిపి కడిగేశాడు. ఆ కోపంతో ఇంటికొచ్చి, దేన్నో ఒకదాన్ని పొడవాలనిపించి సూది తీసుకున్నాను. నా కళ అలా పుట్టింది. బూడిదరంగు కోటుముక్కలు రెండు కలిపి కుట్టి, దూది కూరి, ఏనుగు అన్నాను. తొండం చెవి ఉండాల్సిన చోట మొలిచింది. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి బయల్దేరాయి.

మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళ మోటారా? బాగుందమ్మాయ్, మీ ఆఫీసులో ఇచ్చారా?" అంది.

మా ఆయన మొహం పంటికింద రాయి పడినట్టయింది. చెయ్యి ఒకసారి ఏనుగు వైపు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "బాగుందోయ్" అని మింగేశారు.

ఎవరెలా చూసినా నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళో ఏది చెడినా జవాబు చెప్పుకునేదాన్ని. చేతులారా చెడగొట్టినా ఎవరూ ఫోను చెయ్యని పని ఒకటి దొరికింది. ఎంత హాయి అనుకున్నారు! రోజూ సాయంత్రం సూది పట్టుకునేదాన్ని. మూతిలేని కుక్క, రెండు వీపుల తాబేలు, ఏమిటో నాకే తెలియని ఇంకోటి. ఏది పూర్తయినా అల్మారా మీద పెట్టి, మర్నాడు హాయిగా ఆఫీసుకి పోయి తిట్లు తినేదాన్ని.

కొన్నాళ్ళకి ఓ విచిత్రం గమనించాను. రాత్రి కుంటుతూ కనిపించిన గుర్రం, మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చూసేసరికి నిటారుగా నిలబడి ఉంది. అలసటలో నాకే వంకరగా కనిపించిందేమో అనుకున్నాను. ఆ తర్వాత బాతు. నిన్న మెడ వేలాడేసింది, ఇవాళ బళ్ళో ప్రార్థనకి నిలబడ్డట్టు నిలబడింది. అంటే ఏమిటి? నాకు చెయ్యి తిరిగిందన్నమాట!

ఇక నేను నేలమీద ఆగలేదు. భోజనాల దగ్గర మా ఆయనకి సలహాలు మొదలుపెట్టాను.

"కాలరు దగ్గర మీరు మరీ బిగించేస్తున్నారండీ. దారాన్ని దాని మానాన వదలాలి. నన్ను చూడండి."

ఆయన నన్ను చూశారు. గ్లాసెడు నీళ్ళు గడగడా తాగారు. మా అత్తగారికి పొలమారింది.

గుర్రాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళి ఫోను పక్కన పెట్టాను. మా సూపర్‌వైజరు గారు ముచ్చటపడి, "శుక్రవారం భోజనాలవేళ మాకందరికీ నేర్పకూడదూ?" అంది. ఆ సంగతి ఇంట్లో చెప్పేసరికి మా ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎవరిదో ప్యాంటు మాడింది. ఆయన చేతిలో ప్యాంటు మాడటం నేను అదే మొదటిసారి చూడటం.

"నేర్పడం ఎందుకులేవోయ్, ఊరికే చెయ్యి నొప్పి," అన్నారు.

అసూయ అనుకున్నాను. పాపం అని జాలి కూడా పడ్డాను.

శుక్రవారం ఆఫీసంతా నా బల్ల చుట్టూ చేరింది. నేను సూది ఎత్తాను. టిఫిను డబ్బాలు మూసేలోగా కుందేలు తయారైంది. ఒక చెవి నుదుటి మీద, రెండోది గడ్డం కింద. పక్కసీటావిడ దయగల మనిషి. "ఇది వేరే జాతేమోలెండి," అంది.

"ఉండండి, ఇవాళ చెయ్యి కుదురుగా లేదు," అన్నాను. ఆ గుర్రాన్ని నేనెలా కుట్టానో చూసి మళ్ళీ నేర్చుకుందామని దాని పొట్ట నేనే విప్పాను. దూది లాగేసి, లోపలివైపు బయటికి తిప్పాను. చీమలు బారుకట్టినట్టు కుట్లు. అంచుల్లో ఒక్క దారంపోగు లేదు. నేనైతే దారం చివర శనగగింజంత ముడి వేస్తాను. ఇక్కడ ముడే లేదు. దారాన్ని వెనక్కి తిప్పి, అడ్డంగా మూడు పొట్టి కుట్లు వేసి తెంపారు. నా యూనిఫాం చొక్కా చేతి అంచు మడిచి చూసుకున్నాను. అవే మూడు కుట్లు. మా ఆయన ఏ బట్టనైనా అలాగే ముగిస్తారు.

అంతమందిలో నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. సూపర్‌వైజరు గారు పరిగెత్తివెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. అదృష్టం, ఆరోజు ఆఫీసు కుళాయి వస్తోంది.

ఇంటికెళ్ళగానే ఆ గుర్రం తోలు కుట్టుమిషను మీద పడేశాను.

"ఎప్పట్నుంచి?"

ఆయన మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డారు. "గుర్రం నుంచి," అన్నారు.

"అబద్ధం!" అంది లోపల్నుంచి మా అత్తగారు. "ఏనుగుని కూడా పట్టుకున్నాడు. బాగుచెయ్యడం తనవల్ల కాక వదిలేశాడు."

"మీకూ తెలుసన్నమాట!"

"నన్నెవరడిగారమ్మా? అడిగితే ఇంటి నంబరు కూడా చెబుతాను."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఎవరైనా చూసి నవ్వితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని... పైగా కళ్ళెదురుగా వంకర కుట్టుంటే నా చెయ్యి ఊరుకోదోయ్. నాకు కోపం నీ మీద కాదు, కుట్టు మీద."

"రోజంతా ఊరంతా నాకు ఫిర్యాదులు చేస్తుంది," అన్నాను. "ఈ ఒక్క పనికీ ఏ ఫిర్యాదూ లేదని మురిసిపోయాను. మీరు నోరు విప్పకుండా రోజుకొకటి చేశారు. వాళ్ళే నయం, మొహం మీద తిడతారు."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. బొమ్మలన్నీ గోనెసంచిలో వేసి మంచం కిందికి తోసేశాను.

ఆ తర్వాత సూది పట్టకుండా ఉండలేక ఒకటి రెండుసార్లు పట్టుకున్నాను. కానీ కుట్టు పడగానే అది ఎంత వంకరో కనిపిస్తోంది. అదివరకు కనిపించేది కాదు, అదే నా బాధ. ఆయన కళ్ళు తెచ్చి నాకు పెట్టినట్టయింది. సాయంత్రాలు గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఇల్లంతా ఒక్క దారంపోగు లేకుండా తళతళలాడుతోంది.

"ఒరేయ్, ఇల్లు మరీ శుభ్రంగా ఉంది, నాకు భయమేస్తోంది," అంది మా అత్తగారు కొడుకుతో. "చెడగొట్టింది నువ్వు. నువ్వే బాగుచెయ్యి."

ఒక సాయంత్రం ఆయన నా ఒళ్ళో ఓ పిల్లిని పెట్టారు.

"చూడు, నేనూ వంకరగా కుట్టాను."

పిల్లి ఎడమ చెవి పక్కకి వాలి ఉంది. కుడి చెవీ వాలి ఉంది. నాకెందుకో అనుమానమొచ్చి ఆయన మెడలో టేపు లాగి కొలిచాను. ఎడమ వాలు ఎంతో కుడి వాలూ అంతే.

"వంకర కూడా సుద్దగీత గీసుకుని కుట్టారా?"

"మరి ఎలా కుట్టాలోయ్?" అన్నారు, నిజంగానే తెలియక.

నాకు నవ్వొచ్చింది. కోపంలో ఉన్నాను కాబట్టి దాన్ని దగ్గు కింద మార్చేశాను.

"టేపు ఇటివ్వండి. సుద్ద ఇటివ్వండి. ఆ స్కేలు కూడా. ఇప్పుడు కుట్టండి."

"ఏం కుట్టను?"

"మీ ఇష్టం."

"ఏ సైజు?"

"సైజు లేదు."

ఆయనకి చెమటలు పట్టాయి. గుడ్డ మీద కత్తెర పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, కళ్ళు మూసుకుని కత్తిరించారు. ఈత రానివాణ్ణి నీళ్ళలోకి తోసినట్టుంది పాపం. మధ్యలో రెండుసార్లు టేపు కోసం మెడ తడుముకున్నారు. చివరికి ఒకటి తయారైంది.

"ఇదేమిటండీ?"

"ఒంటె."

"మూపురం పొట్ట కింద ఉందేం?"

"అది కాలు."

"మరి మూపురం?"

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. "మరిచిపోయాను," అన్నారు. ఏ చొక్కాకీ చెయ్యి పెట్టడం మరిచిపోని మనిషి!

తోక మాత్రం మరిచిపోలేదు. కాజాలు కుట్టగా మిగిలిన రంగురంగుల దారాలన్నీ జడలా అల్లి, ఒంటె కంటే పొడవైన తోక పెట్టారు. దాన్ని లాగి చూసి, వదిలి చూసి, తనలో తాను నవ్వుకున్నారు. సూటు పూర్తయితే ఆయన "హమ్మయ్య" అంటారు తప్ప నవ్వరు. ఆ నవ్వు నాకు కొత్త.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే అల్మారా మీద ఆ ఒంటె కనిపించింది. మూపురం లేదు. ఎంతసేపు చూసినా లేదు. చిటికెడు దూది పెట్టి నాలుగు కుట్లు వేస్తే ఎంత పని? ఆయనకి తెలియను కూడా తెలియదు. బ్రష్షు నోట్లో పెట్టుకునే సూదికి దారం ఎక్కించాను.

"నువ్వూనా అమ్మాయ్?"

మా అత్తగారు నా వెనకే నిలబడి ఉంది. సూది గభాలున కింద పెట్టేశాను. ఆ దురద ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. ఆయన నన్ను చిన్నచూపు చూడలేదు, చెయ్యి ఊరుకోలేదంతే. అర్థమైంది. అయినా క్షమించలేదు. అర్థం కావడం వేరు.

ఆదివారం నాకు సెలవు. టీ పట్టుకుని దుకాణంలోకి వెళ్ళేసరికి ఒంటె వీధి వైపు అద్దాల కిటికీలో, సూటు తొడిగిన బొమ్మ భుజం మీద కూర్చుని ఉంది. ఊరంతా చూసే చోట! బల్ల ముందు ఒక ఆసామి ఖరీదైన గుడ్డ పరిచి, సూటుకి కొలతలివ్వడానికి నిలబడి ఉన్నాడు. అతని చూపు ఒంటె మీద పడింది.

"ఇదెవరు కుట్టారు?"

మా ఆయన ఇన్నేళ్ళూ అంగుళం అంగుళం కూడబెట్టుకున్న పేరు పోతుందని భయం వేసింది. "నేనేనండీ, ఏదో సరదాకి" అనడానికి నోరు తెరిచాను.

"నేనే కుట్టానండీ," అన్నారు మా ఆయన, నాకంటే ముందే.

ఆసామి ఒంటెను చూశాడు, ఆయన్ని చూశాడు, తన గుడ్డను చూసుకున్నాడు. మెల్లగా మడిచి చంకలో పెట్టుకుని, "మళ్ళీ వస్తాను," అని గబగబా మెట్లు దిగిపోయాడు. మళ్ళీ వచ్చే మనిషి నడక కాదది.

భయంభయంగా మా ఆయన మొహం చూశాను. ఎర్రగా కందిపోయి ఉంది.

"చూశావా? తోక వైపు చూడనైనా చూడలేదు!" అన్నారు.

టీ సగం ఒలికిపోయింది. నవ్వుతూనే ఏడ్చాను. ఇన్నాళ్ళూ మోసిన కోపం ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఆ మనిషంటే నాకెంత ఇష్టమో ఒక్కసారిగా తెలిసొచ్చింది. కళ్ళు తుడుచుకుని, బల్లకింద పడి ఉన్న ముక్కల్లో ఎర్రదొకటి ఏరుకుని, సూదుల డబ్బా లాక్కుని, దుకాణం మెట్టు మీద కూర్చున్నాను.

"ఏం కుడుతున్నావోయ్?"

"తెలీదు. అయ్యాక చూద్దాం. కానీ ముందే చెబుతున్నా, రేపు నేను ఆఫీసుకెళ్ళాక దీని జోలికొచ్చారంటే వేళ్ళు విరిచేస్తాను."

ఆయన నా మొదటి కుట్టు చూశారు. రెండోది చూశారు. మూడోది పడేసరికి, "నేనలా బయట తిరిగొస్తాను," అని చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు.